గుంటూరు గ్రహణము మొదలు ఉపగ్రహములవఱకు: వాయుమండలమందలి స్వల్పవాయువుల కొలతచరిత్ర

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన ఆంధ్రదేశపు తూర్పుతీరమున సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. గుంటూరు పట్టణమున సూర్యబింబము అయిదు నిమిషములకు పైగా పూర్తిగా మఱుగుపడి యుండెను. ఆ అయిదు నిమిషములకొఱకు ఫ్రాన్సుదేశమునుండి ఝూల్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి వచ్చి, అచ్చట ఒక ఫ్రెంచి వర్తకుని మేడమీద తన దూరదర్శినిని, వర్ణపటదర్శినిని నెలకొల్పుకొనెను. ఆంగ్లప్రభుత్వపక్షమున మేజర్ టెన్నెంటు అదే పట్టణమున విడిసెను. మద్రాసు నక్షత్రశాలాధ్యక్షుడైన పోగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను.

ఈ గ్రహణమునుగూర్చి మనవారిలో ఒక వాడుక కలదు. హీలియము అను మూలకము గుంటూరున కనుగొనబడినదని సభలయందును, వార్తాపత్రికలయందును తఱచుగా వినుచుందుము. ఇందు సత్యము లేకపోలేదు. కాని చరిత్ర వ్రాయువాడు దానిని ఉన్నదున్నట్లు అంగీకరింపజాలడు. జాన్సెన్ చూచినవి సూర్యుని యంచున లేచు జ్వాలల వర్ణపటమందలి ప్రకాశవంతములైన గీతలు. వాని కాంతిని చూడగానే, గ్రహణము లేని దినములయందు సైతము వీనిని కనుగొనవచ్చునని ఆయనకు స్ఫురించెను. మఱునాడే గుంటూరున ప్రయత్నించి కృతకృత్యుడయ్యెను. ఈ వార్తను తెలుపు లేఖను సెప్టెంబరు 19వ తేదీన కాకినాడనుండి పారిసు శాస్త్రపరిషత్తునకు వ్రాసెను. అది అక్టోబరు 26వ తేదీ సభకు చేరెను. ఇంగ్లండున నార్మన్ లాకియర్ స్వతంత్రముగా అదే పద్ధతిని సాధించి పంపిన లేఖయు అదే దినమున అదే సభకు చేరుట చరిత్రలోని వింతలలో నొకటి. ఆ వర్ణపటమందలి పసుపుపచ్చని గీత సోడియపు గీతలతో సరిపడుటలేదనియు, అది భూమిమీద ఎఱుగని యొక మూలకమునకు చెందినదనియు వాదించిన కీర్తి లాకియర్‌ది. రామ్సే 1895లో ఆ వాయువును భూమిమీదనే వేఱుచేసి చూపువఱకు ఆ వాదమును పలువురు నమ్మలేదు.

ఇందు మఱియొక చిత్రము కలదు. పరిషత్తువారి పత్రికలో జాన్సెన్ లేఖకు వేసిన శీర్షికయందు పరిశోధన జరిగిన స్థలము కాకినాడ యని అచ్చుపడినది. గుంటూరు పేరే లేదు. యానామునకు అంత చేరువనున్న కాకినాడ ఫ్రెంచివారి చెవికి పరిచితమైన పేరై యుండునేమో! గుంటూరు కీర్తికై పట్టుబట్టువారు మొదట ఈ అచ్చుశీర్షికతో తగవు తీర్చుకొనవలసియున్నది.

నేనిచ్చట చెప్పదలచినది వేఱు. గుంటూరునకు వచ్చిన ఆ ఫ్రెంచి పండితునికి మనమియ్యవలసిన ముఖ్యగౌరవము హీలియమువలన కాదు. నేడు ఉపగ్రహములు ఆకాశమునుండి మన వాయుమండలమందలి వాయువులను కొలుచుచున్నవి గదా. ఆ విద్యకు పునాదిఱాళ్లు వేసినవారిలో ఆయన యొకడు. గుంటూరునకు వచ్చుటకు పూర్వము కొన్నేండ్లనుండియు ఆయన మనస్సును పట్టియున్న ప్రశ్న సూర్యునిగూర్చినది కాదు, భూమిని చుట్టియున్న గాలినిగూర్చినది.

ఆ ప్రశ్న యిట్టిది. సూర్యకాంతిని పట్టకముగుండ పఱచినచో రంగుల నడుమ నల్లని గీతలు కనబడును. వీనిని 1814లో ఫ్రౌన్‌హోఫర్ అను జర్మను శిల్పి క్రమముగా గుర్తించి, ముఖ్యమైనవానికి ఏ, బి, సి, డి మొదలగు అక్షరములను పేళ్లుగా పెట్టెను. ఒక్కొక్క వాయువు తనకు ఇష్టమైన వన్నెలను మాత్రమే కాంతినుండి మ్రింగును. మ్రింగిన చోట నీడ గీతయై నిలుచును. ఈ రహస్యమును 1859లో కిర్ఖాఫ్, బున్సెన్ అనువారు తేటపఱచిరి. అంతవఱకు బాగుగనే యున్నది. కాని సూర్యకాంతి మనయొద్దకు వచ్చులోపల రెండు వాయురాశులను దాటవలెను: ఒకటి సూర్యుని పైపొర, రెండవది మన భూమి గాలి. కనబడిన గీతలలో ఏది సూర్యునిది, ఏది మనది? సూర్యుడు క్రుంగువేళ కొన్ని గీతలు చిక్కబడుటను స్కాట్లండువాడైన బ్రూస్టర్ 1830 ప్రాంతముననే గమనించియుండెను. సాయంకాలపు కిరణము గాలిలో ఎక్కువదూరము ఏటవాలుగా నడచును గనుక, చిక్కబడు గీతలు భూమికి చెందినవి కావలెనని ఊహ.

జాన్సెన్ ఊహతో తృప్తిపడలేదు. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అను ఊరిలో దేవదారు కట్టెలతో పెద్దమంట వేయించి, 21 కిలోమీటర్ల దూరమున జెనీవానుండి ఆ మంట వెలుగును వర్ణపటదర్శినిలో చూచెను. దగ్గఱనుండి చూచినప్పుడు ఎడతెగని రంగులపట్టెగా కనబడిన ఆ మంటయందు, సరస్సుమీది గాలిని దాటివచ్చుసరికి నల్లనిగీతలు పుట్టెను. సూర్యునితో పనిలేకయే సూర్యుని గీతలు కొన్ని కనబడెను. కనుక అవి మన గాలివే. ఏ వాయువువలన పుట్టినవో తేల్చుటకై 1866లో పారిసు నగరపు లా విలెత్ గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవుగల ఇనుపగొట్టమును నీటియావిరితో నింపి, ఒక కొననుండి దీపకాంతిని పంపి రెండవకొనయందు చూచెను. గీతలలో ఒక పెద్దగుంపు నీటియావిరిదని తేలెను. తెలిసిన పొడవు, తెలిసిన వాయువు, కాంతిలోని లోటు. ఈ మూడింటి లెక్కయే నేటి ఉపగ్రహశాస్త్రమునకు మూలము. ఆయన గుంటూరునకు తెచ్చుకొన్నది ఈ అభ్యాసమునే.

మిగిలినది ఆమ్లజని, అనగా ప్రాణవాయువు. ఫ్రౌన్‌హోఫర్ ఏ, బి అని పేరిడిన ఎఱ్ఱని వన్నెలోని చిక్కని గీతలు ఆమ్లజనివని తేలినది గాని, సూర్యునియందును ఆమ్లజని యుండి వానిలో కొంతభాగము దానిదై యుండునా యను సందేహము తీఱలేదు. దీనికి జాన్సెన్ రెండు మార్గములను త్రొక్కెను. 1889లో ఐఫిల్ గోపురము కట్టబడగానే దాని శిఖరముననున్న దీపమును 7,700 మీటర్ల దూరమున మ్యూదోన్ నక్షత్రశాలనుండి పరిశీలించెను. రెండవ మార్గము కొండలెక్కుట. పైకిపోయినకొలది తలపైనున్న గాలి పలుచబడును. గీతలు భూమివే యైనచో అవియు ఆ లెక్కననే పలుచబడవలెను. బాల్యమునుండియు కుంటివాడైన ఆ వృద్ధుడు 1890లో, తన 66వ యేట, దారిచూపువారు మంచుబండిమీద లాగుచుండగా మోంబ్లాన్ శిఖరమునకు చేరెను. 1893లో ఆ శిఖరపు మంచుమీదనే ఒక చిన్న నక్షత్రశాలను నెలకొల్పించెను. అది క్రమముగా మంచులో క్రుంగి 1909లో విడువబడినది. శిఖరముమీద ఆమ్లజని గీతలు ఎంత పలుచబడెనో కొలిచి, వాయుమండలపు పైఅంచునకు పోగలిగినచో అవి మాసిపోవునని ఆయన నిర్ణయించెను. ఆ పైఅంచునకు పోవు సాధనము అప్పటికి లేదు. జాన్సెన్ 1907లో మరణించెను.

ఇక ఓజోను కథకు వత్తము. గాలిలో నత్రజని నూటికి 78 పాళ్లు, ఆమ్లజని 21 పాళ్లు, ఆర్గాను ఒక్కపాలునకు కొంచెము తక్కువ. మిగిలినవన్నియు స్వల్పవాయువులు. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, నేడు పదిలక్షల పాళ్లలో 420 పాళ్లకు మించినది. మీథేను అదే పదిలక్షలలో రెండు పాళ్లకు లోపు. నత్రజని డయాక్సైడు మొదలగునవి నూఱుకోట్లలో కొన్ని పాళ్లు. అయినను కూరకు ఉప్పువలె, గుణమంతయు ఈ స్వల్పముననే యున్నది. ఓజోనును మొత్తము ఆకాశమునుండి దించి సముద్రమట్టపు ఒత్తిడియందు నేలమీద పఱచినచో మూడు మిల్లిమీటర్ల మందము మాత్రముండును. సూర్యునినుండి వచ్చు తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణములనుండి ప్రాణులను కాపాడునది ఈ మూడు మిల్లిమీటర్ల గొడుగే.

ఈ గొడుగు మందమును నేలనుండి కొలుచు పనిముట్టును 1920 దశకమున ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు డాబ్సన్ నిర్మించెను. దాని సూత్రము సులభము. ఓజోను బలముగా మ్రింగు వన్నె నొకదానిని, అంతగా మ్రింగని వన్నె నొకదానిని ప్రక్కప్రక్కన పెట్టి, రెంటి నిష్పత్తిని చూచుట. ఒకదానితో నొకటి పోల్చుటచేత మేఘము, ధూళి మొదలగువానివలన కలుగు పొరపాటు చాలవఱకు తొలగిపోవును. ఓజోను మందమునకు మిల్లిమీటరులో నూఱవవంతును కొలతగా పెట్టిరి. దానికే డాబ్సన్ యూనిటు అని పేరు. మూడు మిల్లిమీటర్లనగా 300 యూనిట్లు.

డాబ్సన్ తన పరికరములను లోకపు నలుదిక్కులకు పంపదలచి 1928 ప్రాంతమున ఎన్నుకొన్న స్థలములలో కొడైకెనాలు ఒకటి. మధుర, దిండుగల్లు సీమలయందు నాయకరాజుల కాలమునుండి స్థిరపడియున్న మనవారికి ఆ పళనికొండలు చిరపరిచితములు. పోగ్సన్ పనిచేసిన మద్రాసు నక్షత్రశాలయొక్క సూర్యపరిశోధనశాఖ 1899లో అచ్చటికే తరలిపోయినది. ఒక విధముగా గుంటూరు గ్రహణకాలపు విద్యయే ఆ కొండపైకి చేరినదనవచ్చును. అచ్చటి కొలతలవలన ఉష్ణమండలమున ఓజోను తక్కువగను, ఋతుభేదమువలన మార్పు స్వల్పముగను ఉండునని తెలిసినది. తరువాతికాలమున మన దేశమున ఓజోను పరిశోధనకు కె.ఆర్. రామనాథన్ గారు పెద్దదిక్కై నిలిచిరి. 1957-58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరపు సందర్భమున డాబ్సన్ పరికరములు అంటార్కిటికాతో సహా లోకమంతటను నెలకొన్నవి. ఆ మంచుఖండమున హాలీబే అను ఆంగ్లకేంద్రము వానిలో నొకటి. దానిపేరు పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

కృత్రిమోపగ్రహము 1957లో ఆకాశమునకెగిరిన యేడే, పైనుండి ఓజోనును కొలువవచ్చునని సింగర్, వెంట్‌వర్త్ అనువారు సూచించిరి. సూర్యకాంతి క్రిందికి వచ్చి, గాలియందును నేలయందును తాకి, మరల పైకి పోవును. ఆ పైకిపోవు కాంతిని ఉపగ్రహమందలి వర్ణపటదర్శిని పట్టుకొనును. అదే పరికరము సూర్యుని నేరుగా చూచి మచ్చలేని కాంతిని గుర్తుంచుకొనును. రెంటికిని గల భేదమే వాయుమండలము మ్రింగిన భాగము. జాన్సెన్‌కు మంట ఒక దరిని, కన్ను ఒక దరిని ఉండెను; ఇచ్చట మంట, కన్ను రెండును ఆకాశముననే యుండి భూమి అద్దమైనది. 1970లో నింబస్-4 ఉపగ్రహము ఈ పని ప్రారంభించెను. 1978 అక్టోబరు 24వ తేదీన ఎగిరిన నింబస్-7 మీది టామ్స్ అను పరికరము ప్రతిదినమును భూగోళమందలి వెలుగుభాగమంతటి ఓజోను పటమును గీయసాగెను.

ఆ తరువాత జరిగిన సంగతి విస్తరించి చెప్పదగినది. క్లోరోఫ్లూరోకార్బనులు అను శీతలయంత్రములందలి వాయువులు పైకిపోయి ఓజోనును నశింపజేయునని మొలీనా, రౌలాండ్ అనువారు 1974లో హెచ్చరించియుండిరి. ఉపగ్రహము దినదినమును చూచుచునే యున్నది. అయినను ఆపదను మొట్టమొదట లోకమునకు చాటినది ఉపగ్రహము కాదు. 1985 మే నెలలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను ముగ్గురు, హాలీబేలోని పాత డాబ్సన్ పరికరపు కొలతలను ప్రకటించిరి. ఒకప్పుడు అక్టోబరు మాసమున సుమారు 300 యూనిట్లుండిన ఓజోను 1984 నాటికి 200కు దిగువకు పడిపోయినది. జపాను కేంద్రమగు స్యోవాయందు చుబాచి యను పరిశోధకుడు 1982లోనే అల్పమైన అంకెలను చూచి, 1984లో ఒక సభయందు చెప్పెను. కాని ఒక్క యేటి లెక్క యగుటచే ఎవ్వరును చెవినిడలేదు.

ఉపగ్రహపు యంత్రగణకము తక్కువ అంకెలను తప్పులని పాఱవేసినదని ఒక కథ వ్యాప్తిలో నున్నది. చెప్పుకొనుటకు బాగుండును గాని పూర్తిగా నిజము కాదు. 180 యూనిట్లకు తక్కువైన విలువలకు అనుమానాస్పదములను గుర్తు పెట్టుటమాత్రము నిజము, వానిని పాఱవేయలేదు. నాసాలో ఆ లెక్కలు చూచుచుండిన పవన్ భార్తియా మొదలగువారు 1984 వేసవిలో, ముందుటేటి అక్టోబరు అంకెలపై అట్టి గుర్తులు గుంపులుగా పడుటను గమనించిరి. ఉపగ్రహము పొరబడినదో, ఆకాశమే మాఱినదో తేల్చుకొనుటకు నేలమీది సాక్ష్యము కావలెను. దక్షిణధ్రువముననున్న అమెరికా కేంద్రపు డాబ్సన్ అంకెలను తెప్పించి చూడగా అది సుమారు 300 యూనిట్లని చెప్పుచుండెను. పాపము, వారేమి చేయుదురు! నేలమీది సాక్షియే పొరపాటున నున్నదని తరువాతగాని తెలియలేదు. భార్తియా తన పటమును 1985 ఆగస్టులో ప్రాగ్ నగరపు సభలో చూపెను. అప్పటికి ఫార్మన్ బృందపు వ్యాసము వెలువడి మూడు మాసములైనది. అయితే ఒక్కచోటనున్న హాలీబే పరికరము చూపజాలని దానిని ఉపగ్రహపటము చూపినది: ఓజోను తఱుగు ఒక ఊరిమీదిది కాదు, అంటార్కిటికా ఖండమునంతటిని కప్పిన రంధ్రమని. రెండు సాక్ష్యములును కలిసిన పిమ్మట లోకము కదలినది. 1987 సెప్టెంబరు 16వ తేదీన మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. నాటినుండి ఆ వాయువుల వాడుక క్రమముగా తగ్గి, ఓజోను మెల్లమెల్లగా కోలుకొనుచున్నది.

ఎవరు ముందు, ఎవరు వెనుక యను తగాదాకంటె ఇందు నాకు ముఖ్యముగా తోచునది మఱొకటి. హాలీబేలో ఇరువదియెనిమిదేండ్లు ఒకే తీరు పరికరమును విడువక, ఏ ఆశ్చర్యకరమైన ఫలితమును లేకయే, ప్రతివత్సరము కొలత వ్రాసికొనినవారున్నారు. అట్టి పనికి ధనమిచ్చుట వ్యర్థమని అనువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు.

ఉపగ్రహము తాను వెదకని వస్తువును సైతము ఒక్కొక్కప్పుడు పట్టుకొనును. 1982లో మెక్సికోదేశమున ఎల్ చిచోన్ అగ్నిపర్వతము పేలినప్పుడు టామ్స్ ఓజోను అంకెలు అడ్డదిడ్డముగా వచ్చెను. క్రూగర్ అను శాస్త్రజ్ఞుడు విచారింపగా, అది ఓజోను కాదు, అగ్నిపర్వతమునుండి లేచిన గంధకపు డయాక్సైడు అని తేలినది. అది మొదలు అగ్నిపర్వతముల పొగను ఆకాశమునుండి కొలుచుట ఆరంభమైనది. 1995లో ఐరోపావారి గోమ్ అను పరికరము రెండు మూడు వన్నెలతో తృప్తిపడక, అతినీలలోహితమునుండి ఎఱుపువఱకు గల వర్ణపటమునంతటిని ఎడతెగక చదువసాగెను. దానివలన నత్రజని డయాక్సైడు మొదలగు పెక్కు వాయువులు ఒకేమాఱు లెక్కకు వచ్చినవి. గోమ్ యొక్క ఒక్క చుక్క 320 కిలోమీటర్ల వెడల్పు, 40 కిలోమీటర్ల పొడవు. అంతటి చుక్కలో మన జిల్లాలు రెండు మూడు ఇమిడిపోవును. 2004లో ఎగిరిన ఓమీ పరికరమునకు ఆ చుక్క 24 కిలోమీటర్లకు 13 అయినది. 2017 అక్టోబరు 13వ తేదీన ఎగిరిన ట్రొపోమీకి నేడది సుమారు అయిదున్నరకు మూడున్నర కిలోమీటర్లు. ఇప్పుడు జిల్లా కాదు, ఒక్కొక్క విద్యుత్కేంద్రపు పొగయే వేఱుగా కనబడును. ఒడిస్సాలోని తాల్చేరు, ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా మొదలగు బొగ్గు విద్యుత్కేంద్రముల సీమలు ఈ పటములలో ముదురుమచ్చలుగా తోచును. 2007 మొదలు పదేండ్లలో చైనాలో గంధకపు డయాక్సైడు నాల్గింట మూడువంతులు తగ్గగా మన దేశమున సగమువంతు పెరిగినదని ఓమీ కొలతలతో 2017లో ఒక పరిశోధన తేల్చినది. తాల్చేరు ప్రాంతమున నివసించు మనవారికి ఇది పరదేశపు వార్త కాదు.

బొగ్గుపులుసు వాయువును కొలుచుట వీనికంటె కష్టము. దానియందు కావలసినది ఉన్నదా లేదా యనుట కాదు. 420లో ఒకటి రెండు పాళ్ల భేదము. కాంతి గాలిలో ఎంతదూరము నడచినదో ఖచ్చితముగా తెలియనిదే అట్టి లెక్క సాధ్యము కాదు. పలుచని మేఘమో, ధూళిపొరయో అడ్డుపడి కాంతి నడుమనే వెనుదిరిగినచో లెక్క చెడిపోవును. దీనికి కనుగొన్న ఉపాయము జాన్సెన్ ఆత్మకు సంతోషము కలిగింపదగినది. ఆమ్లజని గాలిలో ఎల్లెడల ఒకే పాలుగా నున్నది. కనుక ఆమ్లజని గీతలు ఎంత చిక్కగా నున్నవో చూచినచో కాంతి నడచిన దూరము తెలియును. ఆ దూరముతో బొగ్గుపులుసు వాయువు గీతలను భాగించిన చాలును. ఇందుకు వాడునది, ఫ్రౌన్‌హోఫర్ ఏ యను అక్షరము పెట్టిన ఆ గీతల గుంపే. కుంటికాలితో మోంబ్లాన్ శిఖరమున జాన్సెన్ పరీక్షించిన ఆమ్లజని గీతలే నేడు ఉపగ్రహములకు కొలబద్ద యైనవి.

జపానువారి గోసాట్ 2009 జనవరిలో ఎగిరెను. అమెరికావారి ఓసీఓ ఉపగ్రహము అదే సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన, రాకెట్టు తలపైకప్పు విడిపోనందున, కక్ష్యకు చేరక సముద్రము పాలయ్యెను. దాని ప్రతిరూపమగు ఓసీఓ-2 2014 జూలైలో ఎగిరి పని నెరవేర్చెను. గాలి పైఅంచునకు పోవలెనను జాన్సెన్ కోరిక 705 కిలోమీటర్ల ఎత్తున తీఱినది.

నీటియావిరియు తన ఋణమును తీర్చుకొనెను. ఐరోపావారి షియామకీ యను పరికరము పంపిన అంకెలనుబట్టి, ఉష్ణమండలపు అడవులమీద ఎవరును ఊహింపనంత మీథేను కలదని 2005లో ప్రకటింపబడినది. లోకమంతయు ఆశ్చర్యపడినది. మూడేండ్లకు అసలు సంగతి బయటపడెను. మీథేను గీతలున్న చోటనే నీటియావిరి గీతలును ఉన్నవి. వాని బలమునుగూర్చిన పట్టికలలో లోపముండుటచే తడిగాలి మ్రింగిన కాంతిలో కొంత మీథేను పద్దున పడినది. 2008లో సవరించిన లెక్కలో ఆ అధికము చాలవఱకు తఱిగిపోయినది. లా విలెత్ ఇనుపగొట్టములో మొదలైన పని నూటనలువదేండ్లకు కూడ ముగియలేదన్నమాట. ఆవిరిని కొలుచుటకే భారత, ఫ్రెంచి దేశములు రెండును కలిసి చేసిన మేఘట్రోపిక్స్ అను ఉపగ్రహము 2011 అక్టోబరు 12వ తేదీన మన శ్రీహరికోటనుండి ఎగిరెను. ఉష్ణమండలపు తేమను పదేండ్లకు పైగా కొలిచి, 2023 మార్చి 7వ తేదీన శాస్త్రజ్ఞుల ఆజ్ఞచే పసిఫికు సముద్రముపై గాలిలోనికి దింపబడి కాలిపోయినది.

మీథేను విషయము మన రైతునకు సంబంధించినది. నీరునిలిచిన వరిమడులలో ఈ వాయువు పుట్టును. 1990 ప్రాంతమున అమెరికా పర్యావరణసంస్థ భారతదేశపు వరిపొలములు ఏటేట సుమారు 380 లక్షల టన్నుల మీథేనును గాలిలోనికి విడుచుచున్నవని అంచనా వేసెను. ఆ అంచనాకు ఆధారము మన పొలములు కావు. విదేశపు మడులలో తీసిన కొద్ది కొలతలను మన వరివిస్తీర్ణముతో హెచ్చించిరి. కృష్ణా, గోదావరి డెల్టాలందలి మాగాణి మొదలు వానపైనే ఆధారపడు మెట్టవరివఱకు అన్నియు ఒక్కటేయన్నట్లు లెక్క. లోకమునకు వేడి పుట్టించుచున్నవాడు భారతదేశపు బీదరైతని మాట పుట్టుటకు ఇంతకంటె ఏమి కావలెను? జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డాక్టరు ఏ.పి. మిత్రా గారి నాయకత్వమున 1991లో మన శాస్త్రజ్ఞులు దేశమందలి పలుతావులలో వరిమడులలో పెట్టెలు బోర్లించి, లేచు వాయువును పట్టి కొలిచిరి. వారి లెక్క సుమారు 40 లక్షల టన్నులు. ఆరోపించిన దానిలో పదవవంతు. తడి ఆఱుచు, మరల తడియుచు నుండు మడులలో మీథేను అంతగా పుట్టదు.

అది నేలమీది సాక్ష్యము. ఆకాశపు సాక్ష్యము రావలసియుండెను. 2017లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన అనితా గణేశన్ మొదలగువారు, గోసాట్ ఉపగ్రహపు కొలతలను, నేలమీది కేంద్రముల కొలతలను, విమానమునుండి తీసిన కొలతలను కలిపి, 2010 మొదలు 2015వఱకు భారతదేశము మొత్తముమీద, అనగా పశువులు, వరి, చెత్త, బొగ్గుగనులు అన్నియు కలిసి, ఏటేట విడిచిన మీథేను సుమారు 220 లక్షల టన్నులని లెక్కించిరి. దేశము మొత్తమునకే వచ్చిన ఆ అంకె, ఒకప్పుడు వరి ఒక్కదానిమీదనే మోపిన అంకెకంటె చాల తక్కువ. ఆ ఆఱేండ్లలో చెప్పుకొనదగిన పెరుగుదల కనబడలేదు. భారతప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి సమర్పించిన పద్దులకు ఆ లెక్క సరిపోయినది.